వానను, కొండను, చీకటిని తట్టుకునే వాకీటాకీ: తిరుపతి, చిత్తూరు వాళ్లు ఎంచుకోవాల్సిన తీరు

2021 నవంబరు 18న తిరుపతి వీధుల్లో నీళ్లు పారాయి. తిరుమల ఘాట్ రోడ్లు, నడకదారులు మూసేశారు. ఆ తర్వాత కొద్ది రోజులకే రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్టకు గండి పడే ప్రమాదం వచ్చి, దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు. అలాంటి రాత్రి కట్టమీద నిలబడ్డ మనిషి కంటికి కనిపించింది కింద ఊళ్లో నిద్రపోతున్న వాళ్లకు ఎంతసేపట్లో చేరుతుంది? ప్రాణాలు దాని మీదే ఆధారపడి ఉంటాయి.

సెల్‌ఫోన్ ఉంది కదా అంటారు. కరెంటు పోతే సెల్ టవరు బ్యాటరీ మీద కొన్ని గంటలు నడుస్తుంది, ఆ తర్వాత డీజిల్ జనరేటర్ మీద నడవాలి. రోడ్డు మునిగితే ఆ డీజిల్ రాదు. టవరు బాగానే ఉన్నా ఊరంతా ఒకేసారి ఫోన్ చేస్తే లైను దొరకదు. వాకీటాకీకి నడుమ టవరు అక్కర్లేదు, సిమ్ అక్కర్లేదు. ఒక సెట్టు నుంచి ఇంకో సెట్టుకు మాట నేరుగా పోతుంది. ఒకరు మాట్లాడితే గుంపులో అందరికీ ఒకేసారి వినిపిస్తుంది.

చాలామంది ఆన్‌లైన్‌లో బొమ్మ చూసి, ‘పది కిలోమీటర్ల రేంజి’ అని చదివి కొనేస్తారు. నా మాట వింటే కొనడం నాలుగో పని. అంతకు ముందు మూడు పనులున్నాయి: ఎవరితో ఎవరు మాట్లాడాలో తేల్చుకోవాలి, చట్టం ఏం ఒప్పుకుంటుందో తెలుసుకోవాలి, మీ నేల ఎలాంటిదో చూసుకోవాలి. ఈ మూడూ తేలితే సెట్టు ఎంపిక సగం అయిపోయినట్టే.

మొదటి పని: కాగితం మీద మనుషుల్ని పెట్టండి

ఒక కాగితం తీసుకుని మీ ఊరు లేదా వీధి బొమ్మ చేత్తో గీయండి. ఎవరు ఎక్కడ ఉంటారో చుక్కలు పెట్టండి. చెరువు కాపలా అయితే కట్టమీద ఒకరు, మొరవ (అలుగు) దగ్గర ఒకరు, ఊళ్లో ఒకరు. తిరుపతిలో అపార్ట్‌మెంట్ అయితే గేటు దగ్గర వాచ్‌మన్, మిద్దె మీద ఒకరు, పక్క వీధిలో కారు ఉన్నవాళ్లు ఒకరు. పలమనేరు, రామకుప్పం వైపు ఏనుగుల కోసం రాత్రి కాపలా కాసే రైతులైతే ఒక్కో మంచె దగ్గర ఒకరు.

ఇప్పుడు ఎవరి మాట ఎవరికి తప్పనిసరిగా వినిపించాలో గీతలు గీయండి. ప్రతి ఒక్కరికీ సెట్టు అక్కర్లేదు. నాలుగు కుటుంబాలకు నాలుగు మంచి సెట్లు చాలు. పది చవక సెట్లు కొని అందరికీ పంచితే, అవసరం వచ్చిన రోజు సగానికి చార్జింగ్ ఉండదు, మిగతావి ఏ అలమారలో ఉన్నాయో ఎవరికీ గుర్తుండదు.

ఇంకొక మాట ఇక్కడే రాసి పెట్టుకోండి. మీ వాకీటాకీ పోలీసులకు, అంబులెన్సుకు, ఫైర్ స్టేషన్‌కు కలవదు, కలవకూడదు కూడా. కాబట్టి గుంపులో ఒక మనిషికి ఒకే పని అప్పగించాలి. ఫోన్ సిగ్నల్ దొరికే చోటు చూసుకుని 112కో, 108కో, విపత్తుల కంట్రోల్ రూమ్ నంబరు 1070కో చెప్పడం ఆ మనిషి పని. మీ సిమ్‌కు సిగ్నల్ లేకపోయినా వేరే కంపెనీ టవరు అందితే 112 కలిసే అవకాశం ఉంది. వాకీటాకీ మీలో మీకు, ఫోన్ బయటి ప్రపంచానికి. ఈ తేడా అందరికీ తెలిసి ఉండాలి.

రెండో పని: చట్టం

ఈ భాగం చదవకుండా దాటేయకండి. మన దేశంలో వైర్‌లెస్ పరికరం ఏదైనా లైసెన్సు లేకుండా దగ్గర పెట్టుకోవడమే తప్పు. కొన్ని ఫ్రీక్వెన్సీలకు మాత్రమే మినహాయింపు ఉంది. వాకీటాకీల విషయంలో 2018లో కేంద్రం ఇచ్చిన నియమాల ప్రకారం 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న చిన్న పట్టీకి ఆ మినహాయింపు వర్తిస్తుంది. ఈ పట్టీలో మాత్రమే పనిచేసే తక్కువ శక్తి సెట్టుకు మీరు లైసెన్సు తీసుకోనక్కర్లేదు.

ఒక్కటి గమనించండి. సెట్టు ‘ఆ పట్టీలో కూడా’ పనిచేస్తే సరిపోదు, ‘ఆ పట్టీలో మాత్రమే’ పనిచేయాలి. మార్కెట్లో 136 నుంచి 174 వరకు, 400 నుంచి 520 మెగాహెర్ట్జ్ వరకు ఎక్కడికైనా తిప్పుకోగలిగే ఐదు వాట్ల సెట్లు చవకగా దొరుకుతాయి. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటాయి. అవి లైసెన్సు ఉన్నవాళ్ల చేతిలో ఉండాల్సినవి. పోలీసులు, రైల్వే, ఇతర ప్రభుత్వ శాఖలు వాడే ఫ్రీక్వెన్సీలు ఆ పరిధిలోనే ఉంటాయి. వరద రాత్రి తెలియక ఆ ఫ్రీక్వెన్సీ మీద బటన్ నొక్కితే, సహాయానికి వచ్చిన వాళ్ల మాటకే అడ్డం పడతారు. సెట్టు జప్తు కావడం, కేసు పడడం ఆ తర్వాతి సంగతి.

అమెరికాలో ఉన్న పిల్లలు సెలవులకు వస్తూ ఒక జత తెచ్చిస్తామంటే వద్దని చెప్పండి. అక్కడ ఇళ్లలో వాడుకునే సెట్లు 462, 467 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి. అక్కడ సక్రమమే, ఇక్కడ మినహాయింపు లేదు. వాటి పెట్టె మీద గొప్పగా రాసే ‘వెదర్ చానల్’ అక్కడి వాతావరణ శాఖ ప్రసారాల కోసం పెట్టింది. తిరుపతిలో అందులో గరగర తప్ప ఏమీ వినపడదు. సాటిలైట్ ఫోన్లు, సాటిలైట్ మెసెంజర్లు కూడా అనుమతి లేకుండా ఇక్కడ వాడకూడదు.

కొనేముందు అమ్మేవాడిని రెండు అడగండి. ఒకటి, ఈ మోడల్ ఏ ఫ్రీక్వెన్సీల్లో పనిచేస్తుందో రాతపూర్వకంగా ఇమ్మనండి. రెండు, ఈటీఏ సర్టిఫికెట్ కాపీ అడగండి. ఈటీఏ అంటే టెలికాం శాఖలోని వైర్‌లెస్ విభాగం, అంటే డబ్ల్యూపీసీ, ఆ మోడల్‌కు ఇచ్చే ఆమోదం. సర్టిఫికెట్‌లోని మోడల్ నంబరు, సెట్టు వెనక స్టిక్కర్ మీది నంబరు అక్షరం అక్షరం ఒకటే కావాలి. ఈటీఏ ఉందంటే లైసెన్సు అక్కర్లేదని కాదు, ఫ్రీక్వెన్సీ కూడా కలవాలి. ఆన్‌లైన్‌లో వాకీటాకీలు అమ్మేవాళ్లు ఫ్రీక్వెన్సీ, ఆమోదం వివరాలు స్పష్టంగా చూపాలని వినియోగదారుల రక్షణ సంస్థ 2025లో మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. ఆ వివరాలు లేని పేజీని అక్కడికక్కడే మూసేయండి.

సర్టిఫికెట్ కాపీ, బిల్లు కాపీ లామినేట్ చేయించి సెట్టుతో పాటే ఉంచుకోండి. అలిపిరి తనిఖీ కేంద్రం దగ్గరో, బందోబస్తు ఉన్న చోటో ఎవరైనా అడిగితే చూపించడానికి పనికొస్తుంది. తిరుమలకు గానీ, అడవిలోకి గానీ తీసుకెళ్లాలనుకుంటే ముందే అక్కడి అధికారులను అడగడం మంచిది. కాగితం ఉన్నా భద్రతా సిబ్బంది వద్దంటే వద్దే.

మూడో పని: మీ నేలను చదవండి

446 మెగాహెర్ట్జ్ తరంగం టార్చిలైటు వెలుతురులా దాదాపు నేరుగా పోతుంది. కొండ అడ్డమొస్తే ఆగిపోతుంది. గోడలు కొంత తినేస్తాయి, తడిసిన చెట్లు ఇంకొంత తినేస్తాయి. అందుకే పెట్టె మీద రాసిన కిలోమీటర్లు ఒక కొండ మీంచి ఇంకో కొండకు, మధ్యలో ఏమీ లేకుండా కొలిచినవని అనుకోండి.

లెక్క ఒకటుంది, సులభమే. సెట్టు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో మీటర్లలో తీసుకుని దానికి వర్గమూలం కట్టి 4.12తో గుణిస్తే, ఆ ఎత్తు నుంచి భూమి వంపు అడ్డం రాకుండా ఎన్ని కిలోమీటర్లు పోతుందో వస్తుంది. మనిషి నిలబడి పట్టుకుంటే ఒకటిన్నర మీటరు ఎత్తు, అంటే సుమారు 5 కిలోమీటర్లు. మూడంతస్తుల మిద్దె మీద 12 మీటర్లు అనుకుంటే సుమారు 14 కిలోమీటర్లు. అవతలి మనిషి ఎత్తుకు వచ్చే దూరం కూడా దీనికి కలుస్తుంది. ఇది బోడి మైదానంలో వచ్చే గరిష్ఠం. ఇళ్లు, చింతచెట్లు, మామిడితోపులు ఉన్న చోట ఇందులో చిన్న భాగమే మిగులుతుంది. తిరుపతి ఇరుకు వీధుల్లో కాంక్రీటు మధ్య చిన్న సెట్టుకు కిలోమీటరు దక్కినా సంతోషించాలి.

దీన్నిబట్టి తెలిసేది ఏమిటంటే, ఎత్తు ముందు, వాట్లు తర్వాత. అడ్డం లేని చోట కూడా దూరం రెట్టింపు కావాలంటే శక్తి నాలుగు రెట్లు కావాలి. అడ్డంగా కొండ ఉంటే శక్తి ఎంత పెంచినా పెద్దగా లాభం ఉండదు. ఈ తరగతిలో ఎక్కువగా కనిపించేవి అర వాటు సెట్లు. అర వాటు చాలదనిపిస్తే ఎక్కువ వాట్లున్న అక్రమ సెట్టు వెతకడం మానేసి, ఒక అంతస్తు పైకెక్కండి.

మన ప్రాంతంలో నేల మూడు రకాలుగా కనిపిస్తుంది.

శేషాచలం అంచు ఒకటి. తిరుపతిలో ఏ మిద్దె ఎక్కి ఉత్తరం వైపు చూసినా గాలిగోపురం కనిపిస్తుంది. కంటికి కనిపిస్తోందంటే తరంగానికీ దారి ఉందనే అర్థం. అదే గాలిగోపురం దాటి మోకాళ్ల పర్వతం వైపు నడిచిన మనిషికి, కింద ఊళ్లో ఉన్న మనిషికి మధ్య కొండ నిలబడుతుంది, మాట తెగిపోతుంది. తిరుమల ఉన్నది సముద్రమట్టానికి 850 మీటర్ల పైన. అంత ఎత్తు కాబట్టి పైనుంచి అంతా అందుతుందనుకోవద్దు. కొండ అంచున నిలబడితే అందుతుంది, లోపల లోయలో ఉంటే అందదు. తలకోన లాంటి లోయల్లోనూ ఇంతే. మలుపు తిరిగిన వెంటనే వెనకవాళ్ల గొంతు మాయమవుతుంది. కొండదారిలో గుంపుగా వెళ్తే ముందు ఒకరు, వెనక ఒకరు, మధ్యలో మలుపు దగ్గర ఒకరు సెట్టుతో ఉండాలి. మధ్య మనిషి విన్నది అటూ ఇటూ చెప్తాడు.

చెరువులూ పొలాలూ ఉన్న నేల రెండోది. ఇక్కడ అదృష్టం మనవైపే ఉంది, ఎందుకంటే చెరువు కట్టే ఊళ్లో అన్నిటికంటే ఎత్తైన చోటు. కట్టమీద నిలబడి మాట్లాడితే దిగువ ఊరికి దారి తెరిచే ఉంటుంది. ఊళ్లో వినే మనిషి మాత్రం ఇంట్లో మంచం మీద కాక మిద్దె మీద గానీ, గుడి అరుగు మీద గానీ ఉండాలి. ఏనుగుల కాపలాకు వేసిన మంచె నాలుగు మీటర్లుంటే లెక్క ప్రకారం 8 కిలోమీటర్లు వస్తుంది. కౌండిన్య అడవి అంచు గుట్టల వల్ల అంత రాకపోయినా, నేలమీద నిలబడి మాట్లాడిన దానికంటే ఎంతో మెరుగు.

పట్నం మూడోది. తిరుపతి, చిత్తూరు, శ్రీకాళహస్తి వీధుల్లో దూరం కంటే గోడలే శత్రువులు. లిఫ్టు గదిలో, సెల్లార్‌లో, రైల్వే అండర్‌బ్రిడ్జి కింద మాట అందదు. నీళ్లు ముందు నిండేది కూడా అక్కడే. సెల్లార్‌లో మోటారు ఆపడానికి దిగే మనిషి సెట్టును నమ్ముకుని ఒంటరిగా దిగకూడదు. మెట్ల పైన ఇంకొకరు నిలబడాలి.

ఇక సెట్టు: గట్టితనం ఎలా చూడాలి

‘వాటర్‌ప్రూఫ్’, ‘మిలిటరీ గ్రేడ్’ అనే మాటలకు విలువ ఇవ్వకండి. అంకెలు అడగండి. ఐపీ అనే అక్షరాల తర్వాత రెండు అంకెలుంటాయి. మొదటిది దుమ్ముకు, రెండోది నీళ్లకు. దుమ్ములో 5 అంటే కొంచెం లోపలికి పోయినా పనికి ఇబ్బంది లేదని, 6 అంటే అసలు పోదని. నీళ్లలో 4 అంటే చినుకులు, చిమ్మిన నీళ్లు తట్టుకుంటుంది. 5 అంటే పైపుతో కొట్టినా ఫరవాలేదు. 7 అంటే ఒక మీటరు లోతు నీళ్లలో అరగంట మునిగినా బతుకుతుంది. 8 అంటే అంతకంటే కఠినమైన పరీక్ష, ఎంత లోతు, ఎంతసేపు అన్నది కంపెనీ చెప్పాలి. అంకె బదులు ఎక్స్ అని ఉంటే ఆ పరీక్ష వివరం ఇవ్వలేదని అర్థం.

అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కు ఐపీ54 సరిపోతుంది. చెరువు కట్టమీద, వాగు పక్కన తిరిగే మనిషికి ఐపీ67 ఉండాలి. ఈ ఒక్క చోట డబ్బుకు వెనకాడవద్దని గట్టిగా చెప్తాను. వాన రాత్రి తడిచేతుల్లోంచి జారి నీళ్లలో పడేది ఆ మనిషి సెట్టే. ఒక చిక్కు కూడా తెలుసుకోండి. 67 ఉన్నంత మాత్రాన పైపు నీళ్ల ధార తట్టుకుంటుందని కాదు, ఆ పరీక్ష వేరు. ఈ పరీక్షలన్నీ మంచినీళ్లలో, కొత్త సెట్టు మీద చేసినవి. బురదనీళ్లలో పడితే తీసి మంచినీళ్లతో కడిగి, తుడిచి, ఆరబెట్టాలి. చార్జింగ్ రంధ్రం మీది రబ్బరు మూత తెరిచి ఉంటే 67 కాదు కదా, 54 కూడా లేనట్టే.

మిలిటరీ పరీక్షల సంగతీ అంతే. మిల్-ఎస్‌టీడీ-810 అనేది ఒకే పరీక్ష కాదు. పడేయడం, వేడి, వాన, అదురు లాంటి ఎన్నో పరీక్షల కట్ట అది. ఏది పాసయ్యారో అడగండి. మనకు కావాల్సింది ముఖ్యంగా మనిషి చేతి ఎత్తు నుంచి కాంక్రీటు మీద పడినా పగలకపోవడం.

షాపులో చేతికిచ్చినప్పుడు మీరే చూడగలిగినవి కొన్ని ఉన్నాయి. బ్యాటరీ తలుపు వదులుగా ఊగుతోందా? గొళ్లెం ఒక్క వేలితో పొరపాటున తెరుచుకుంటుందా? నడుముకు తగిలించే క్లిప్పు ప్లాస్టిక్ రేకులాంటిదా, స్ప్రింగు ఉన్నదా? ఏంటెనా కదలకుండా బిగుసుకుని ఉందా? రంగు కూడా చూడండి. నల్ల సెట్టు రాత్రి గడ్డిలో పడితే దొరకదు. పసుపు, నారింజ మంచివి. దొరక్కపోతే మెరిసే టేపు చుట్టండి. ఇంకా పొడవు ఏంటెనా తగిలించుకుందామని మాత్రం చూడకండి. లైసెన్సు అక్కర్లేని సెట్లలో ఏంటెనా మార్చడానికి వీల్లేకుండా బిగించి ఉంటుంది, అది అలాగే ఉండాలి.

బ్యాటరీ: ఎక్కువమంది మోసపోయే చోటు

పెట్టె మీద ‘16 గంటలు’ అని ఉంటుంది. ఆ లెక్క సాధారణంగా నూటికి ఐదు పాళ్లు మాట్లాడటం, ఐదు పాళ్లు వినడం, తొంభై పాళ్లు ఊరికే ఉండటం అనే పద్ధతిలో కడతారు. ఆపద రాత్రి అలా ఉండదు, మాటలు ఎక్కువ నడుస్తాయి. మాట్లాడేటప్పుడే బ్యాటరీ ఎక్కువ ఖర్చు. రాసినదాంట్లో సగం వస్తుందని లెక్క వేసుకుంటే ఆశాభంగం ఉండదు.

నా ఓటు రెండు రకాలుగానూ నడిచే సెట్టుకే: రోజూ చార్జింగ్ పెట్టుకునే బ్యాటరీ, అది అయిపోతే మామూలు పెన్సిల్ బ్యాటరీలు. కరెంటు మూడు రోజులు లేకపోయినా మూల మీది అంగట్లో పెన్సిల్ బ్యాటరీలు దొరుకుతాయి. ఆ సౌకర్యం లేని సెట్టయితే ఒక్కోదానికి అదనపు బ్యాటరీ ఒకటి కొనండి, ఇప్పుడే కొనండి. రెండేళ్ల తర్వాత ఆ మోడల్ బ్యాటరీ దొరుకుతుందన్న నమ్మకం లేదు. చార్జింగ్ మామూలు ఫోన్ చార్జర్ వైరుతో అయ్యేట్టుంటే పవర్ బ్యాంకు నుంచి, కారు నుంచి, చిన్న సోలార్ ప్యానెల్ నుంచి ఎక్కించుకోవచ్చు. ప్రత్యేకమైన డాక్ (చార్జింగ్ స్టాండు) ఉంటేనే ఎక్కేవి ఇంట్లో బాగుంటాయి గానీ వరదలో కష్టం.

మన ఎండలు లిథియం బ్యాటరీకి పడవు. మే నెలలో మూసిన కారులో సెట్టు వదిలేస్తే బ్యాటరీ ఆయుష్షు తగ్గిపోతుంది. ఉబ్బిన బ్యాటరీని ఇంకొక్కసారి కూడా చార్జింగ్ పెట్టకండి.

చెవికి, వేలికి సంబంధించినవి

వాన హోరులో వినపడాలంటే స్పీకరు పెద్దగా మోగాలి. షాపులో ఫ్యాన్ కింద విని నిర్ణయించకండి. బయటికొచ్చి రోడ్డు మీద బస్సు పోతున్నప్పుడు వినండి. మాట్లాడే బటన్ పెద్దదిగా, గట్టిగా, చూడకుండానే వేలికి తగిలేలా ఉండాలి. ముసలివాళ్లు వాడతారంటే అది మరీ ముఖ్యం. బటన్లకు తాళం వేసే సౌకర్యం తప్పకుండా ఉండాలి, లేకపోతే జేబులో చానల్ మారిపోయి మనిషి గుంపు నుంచి తప్పిపోతాడు. టార్చి ఉంటే మంచిదే. ఏనుగుల కాపలాకు, పెద్ద జాతర జనంలో వాలంటీర్లకు చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్ అవసరం. గొంతు వినగానే దానంతట అదే ప్రసారమయ్యే సౌకర్యాన్ని ఆపేసి ఉంచండి, గాలి హోరుకే అది తెరుచుకుని చానల్‌ను ఆక్రమిస్తుంది.

‘ప్రైవసీ కోడ్’ అని ఒకటి కనిపిస్తుంది. పేరు చూసి మన మాటలు ఎవరికీ వినపడవనుకుంటారు. అది తప్పు. ఆ కోడ్ మీ సెట్టులో వేరేవాళ్ల మాటలు వినిపించకుండా చేస్తుందే గానీ, మీ మాటలు వేరేవాళ్లకు వినిపించకుండా చేయదు. బ్యాంకు వివరాలు, ఇంట్లో ఎవరూ లేరన్న సంగతి ఇందులో చెప్పకండి. ఆపద సమయానికి ఆ కోడ్‌ను సున్నా చేసి పెట్టుకోవడమే మేలు. వేర్వేరు కంపెనీల సెట్లు కలవకపోవడానికి మామూలు కారణం ఈ కోడే. ఒకే పట్టీ, ఒకే చానల్ ఉన్నా కోడ్ తేడా ఉంటే సెట్టు మౌనంగా ఉంటుంది. కొన్నిటిలో ఎనిమిది చానళ్లు, కొన్నిటిలో పదహారు ఉంటాయి కాబట్టి అందరిదగ్గరా ఉన్న మొదటి ఎనిమిదిలోనే ఒకటి ఎంచుకోండి. డిజిటల్ సెట్టు, అనలాగ్ సెట్టు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. చిన్న గుంపుకు అనలాగే సులభం. సిగ్నల్ బలహీనపడ్డా గరగర మధ్య మాట అందుతుంది, డిజిటల్ అయితే ఒక్కసారిగా తెగిపోతుంది.

కొన్న వారంలోనే చేయాల్సిన పరీక్ష

వాపసు ఇచ్చే గడువు దాటకముందే ఇది చేయండి. మొదట గీసిన కాగితం తీయండి. ఒకరు మిద్దె మీద నిలబడాలి, ఇంకొకరు ప్రతి చుక్క దగ్గరికీ వెళ్లి ఒకటి నుంచి పది వరకు అంకెలు చదవాలి. స్పష్టంగా వినపడితే కాగితం మీద పచ్చ గుర్తు, గరగరతో వినపడితే పసుపు, వినపడకపోతే ఎరుపు. ఎరుపు వచ్చిన చోట పది అడుగులు పక్కకు జరిగి మళ్లీ చూడండి, ఒక్కోసారి అంతే చాలు. అయినా రాకపోతే ఆ చుక్కకు, మిద్దెకు మధ్య ఎవరిని నిలబెట్టాలో అక్కడే తేల్చుకోండి. పగలు ఒకసారి, వాన పడుతున్నప్పుడు ఒకసారి చేయండి.

ఐపీ67 సెట్టయితే మూతలన్నీ బిగించి బకెట్ నీళ్లలో కొన్ని నిమిషాలు ముంచి చూడాలని చాలామందికి అనిపిస్తుంది. అలా చేసే ముందు వారంటీ కాగితం చదవండి. నేనైతే ముంచను, కొళాయి కింద ఒక నిమిషం పట్టుకుని ఊరుకుంటాను.

మాట్లాడే పద్ధతి

సెట్టును నిలువుగా, నోటికి నాలుగు వేళ్ల దూరంలో పట్టుకోండి. నడుముకు తగిలించి మాట్లాడితే ఒళ్లే అడ్డం పడుతుంది. బటన్ నొక్కాక ఒక క్షణం ఆగి మొదలుపెట్టండి, లేకపోతే మొదటి మాట మింగేస్తుంది. ‘వద్దు రావద్దు’లో మొదటి మాట పోయినా ఫరవాలేదు గానీ ‘రావద్దు’ ఒక్కటే చెప్పి సగం పోతే ప్రమాదం. అందుకే ముఖ్యమైన మాట రెండుసార్లు చెప్పాలి, విన్నవాళ్లు తిరిగి చెప్పాలి.

ముందు పిలిచే మనిషి పేరు, తర్వాత మీ పేరు. "వెంకటన్నా, కట్టమీంచి మునెయ్యను." అవతలివాళ్లు "చెప్పప్పా" అన్నాకే విషయం. ఒకేసారి ఇద్దరు నొక్కితే ఎవరి మాటా సరిగా పోదు, బలంగా ఉన్నది రెండోదాన్ని తొక్కేస్తుంది. అంకెల్లో జాగ్రత్త. గరగరలో ఇరవై, అరవై ఒకేలా వినిపిస్తాయి. ‘రెండు, సున్నా’ అని విడివిడిగా చెప్పండి. చోటు చెప్పేటప్పుడు కుడి, ఎడమ అనకుండా తూర్పు, పడమర అని గానీ, ‘మొరవ వైపు’, ‘గంగమ్మ గుడి వైపు’ అని గానీ చెప్పండి.

బ్యాటరీ మిగుల్చుకోవాలంటే అందరూ రాత్రంతా సెట్టు ఆన్‌లో ఉంచనక్కర్లేదు. ప్రతి గంటకూ మొదటి ఐదు నిమిషాలు అందరూ ఆన్ చేయాలని ఒప్పందం పెట్టుకోండి. కట్టమీది మనిషి, ఊళ్లో వినే మనిషి మాత్రం ఆపకూడదు.

దీనికంటే ఎక్కువ కావాలంటే

మండలం దాటి, జిల్లా దాటి మాట పోవాలంటే దానికి సక్రమమైన దారి హామ్ రేడియో, అంటే ఆసక్తి ఉన్నవాళ్లు లైసెన్సు తీసుకుని సొంతంగా నడుపుకునే రేడియో. పన్నెండేళ్లు నిండినవాళ్లు ఎవరైనా పరీక్ష రాసి లైసెన్సు తీసుకోవచ్చు. రెస్ట్రిక్టెడ్ గ్రేడ్ అనే మొదటి మెట్టుకు మోర్స్ కోడ్ (చుక్కలు, గీతల శబ్దాలతో కబురు పంపే పద్ధతి) కూడా అక్కర్లేదు. లైసెన్సుతో పాటు మీకంటూ ఒక కాల్‌సైన్, అంటే రేడియోలో మిమ్మల్ని గుర్తుపట్టే పేరు, వస్తుంది. ముందు చెప్పిన ఐదు వాట్ల సెట్లు హామ్‌లకు కేటాయించిన ఫ్రీక్వెన్సీల్లో అప్పుడు వాడుకోవచ్చు. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు భారతి ప్రసాద్ అండమాన్‌లో హామ్ కేంద్రం నడుపుతున్నారు. ఫోన్లు పడిపోయిన ఆ ద్వీపాల నుంచి బయటికి కబురు పంపడానికి ఆమె రేడియోనే ఆధారమైంది. హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఈ విద్య నేర్పుతోంది. మన ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు ఊరికొకరు ఈ పరీక్ష రాస్తే ఎంత బాగుంటుందో అనిపిస్తుంది. సంస్థలు, పెద్ద ఎస్టేట్లు అయితే టెలికాం శాఖ సరళ్ సంచార్ పోర్టల్‌లో సొంత వైర్‌లెస్ లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు.

ఏడాది పొడవునా ఉంచుకోవడం

మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వస్తాయి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను కూడా ఆ కాలంలోనే వచ్చింది. కాబట్టి వినాయక చవితి అయిపోగానే సెట్లన్నీ బయటికి తీయండి. నిల్వ ఉన్నన్నాళ్లు బ్యాటరీ సగం చార్జింగ్‌తో, చల్లని చోట ఉండాలి. నిండుగా పెట్టి ఏడాది వదిలేసినా పాడవుతుంది, పూర్తిగా ఖాళీ చేసి వదిలేసినా పాడవుతుంది. పెన్సిల్ బ్యాటరీలు సెట్టులో వదిలేయకండి, కారి లోపలి కాంటాక్టులు తినేస్తాయి. రబ్బరు మూతలు, అంచుల్లోని రబ్బరు వాషరు గట్టిపడి చిట్లాయేమో వేలితో తడిమి చూడండి. చిట్లితే ఐపీ అంకె పోయినట్టే, సర్వీసులో మార్పించాలి. ఆ రోజే కాగితం మీది చుక్కలన్నిటి దగ్గరా ఒకసారి మాట్లాడి చూసుకోండి. కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్ పాత పచ్చ గుర్తును ఎరుపు చేసి ఉండొచ్చు. చానల్ నంబరు, కోడ్ సున్నా అన్న సంగతి, 112, 108, 1070 నంబర్లు ఒక చిన్న చీటీ మీద రాసి, ప్రతి సెట్టు వెనకా పారదర్శక టేపుతో అంటించండి.